ప్రొఫెసర్లకు విద్యార్థులు వేసే మార్కులు అసలు దేన్ని కొలుస్తాయి?

సెమిస్టరు ముగింపుకు వచ్చేసరికి కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం తెరుచుకుంటుంది. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో అధ్యాపకుడి పేరు, దాని కింద పదో పదిహేనో ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 5 దాకా అంకెలు. అది నింపితే తప్ప హాల్‌టికెట్ డౌన్‌లోడ్ కాని చోట్లు కూడా ఉన్నాయి. ఐదారు సబ్జెక్టులు, రెండు ల్యాబ్‌లు కలిపి లెక్క వేస్తే దాదాపు నూరు సార్లు నొక్కాలి. ఇక చాలామంది ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. పైనుంచి కిందిదాకా ఒకే అంకె. మొహమాటస్థులు 5 వేస్తారు, కాస్త నిదానించేవారు 4 వేస్తారు, సెమిస్టరు మధ్యలో పెట్టే మిడ్ పరీక్ష మార్కులు ఆ వారమే వచ్చి ఉంటే అంకె మరోలా ఉంటుంది.

ఇంత తేలిగ్గా పుట్టిన అంకె ఆ తర్వాత చాలా బరువు మోస్తుంది. విభాగాధిపతి (హెచ్‌వోడీ) బల్ల మీదికి, ప్రిన్సిపాల్ సమీక్షకు, కళాశాలలకు గ్రేడులిచ్చే సంస్థ నాక్ బృందానికి చూపే ఫైలులోకి, కొన్ని ప్రైవేటు కళాశాలల్లో ఏకంగా ఇంక్రిమెంటు లెక్కలోకి వెళుతుంది. అధ్యాపకుల గదిలో దీని గురించి వినిపించే మాట ఒకటే: మార్కులు ధారాళంగా వేసేవాడే వీళ్ల దృష్టిలో మంచి మాస్టారు. క్యాంటీన్‌లో వినిపించేది ఇంకొకటి: రోజూ గంటల తరబడి ఎదురుగా కూర్చునేది మేము, మాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ తగాదా మీద పరిశోధన దాదాపు నూరేళ్లుగా సాగుతోంది. దాన్ని చదువుతూ పోతే ఒక సంగతి క్రమంగా స్పష్టమవుతుంది. తరగతిలో ఏం జరిగిందో విద్యార్థికి చాలా బాగా తెలుసు. తాను ఎంత నేర్చుకున్నాడో మాత్రం అంత బాగా తెలియదు. మన ఫారాలు ఈ రెండిటినీ ఒకే వరుసలో అడిగి, అన్నిటికీ కలిపి ఒక సగటు తీస్తాయి. చిక్కు అక్కడ మొదలవుతుంది.

విద్యార్థులు గురువుల మీద తీర్పు చెప్పడం ఈ కాలపు వింత కాదు. మధ్యయుగంలో ఇటలీలోని బొలోన్యాలో న్యాయశాస్త్ర విద్యార్థులే సంఘంగా ఏర్పడి గురువులను శాసించేవారు. గంట కొట్టగానే పాఠం మొదలుపెట్టాలి, మళ్లీ గంట కొట్టిన నిమిషంలోపు ముగించాలి. కష్టమైన అధ్యాయాన్ని దాటవేయకూడదు. వినడానికి కనీసం ఐదుగురు రాకపోతే ఆ రోజు గురువు సెలవు పెట్టినట్లే లెక్కగట్టి జరిమానా వేసేవారు. కఠినమే గానీ, ఆ నియమాల్లో గమనించదగినది ఒకటుంది. అవన్నీ కళ్లతో చూసి చెప్పగలిగినవి. సమయానికి వచ్చాడా, అధ్యాయం చెప్పాడా అన్నవే తప్ప, 'మీ గురువు ప్రతిభకు ఐదింటిలో ఎంత?' అని వాళ్లెవరినీ అడగలేదు.

ఆ అడగడం ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో మొదలైంది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హెర్మన్ రెమ్మర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో అధ్యాపకులకు మార్కులు వేసే కొలబద్ద ఒకటి తయారు చేశారు. చాలాకాలం ఇలాంటివి ఎక్కువగా అధ్యాపకులు తమంతట తాము అడిగి తెప్పించుకుని, తమ పాఠం సరిదిద్దుకోవడానికి వాడుకున్నవే. 1970ల నుంచి పాలనా యంత్రాంగాలు వాటిని పదోన్నతులకు, ఉద్యోగ స్థిరీకరణకు వాడటం పెరిగింది. కాగితం మారలేదు గానీ, దాని పని మారింది. సలహా కోసం పుట్టినది శిక్షకూ బహుమతికీ ఆధారమైంది.

మార్కు పెరిగింది, చదువు పెరిగిందా?

పరిశోధకుల ముందున్న అసలు ప్రశ్న ఇది: ఎక్కువ రేటింగు వచ్చిన అధ్యాపకుడి దగ్గర పిల్లలు నిజంగా ఎక్కువ నేర్చుకుంటున్నారా? దీన్ని తేల్చడం కనిపించినంత సులభం కాదు. మామూలు కళాశాలల్లో తెలివైన పిల్లలు మంచి పేరున్న సారు సెక్షన్‌లో చేరిపోతారు. ఒక్కో సారు ఒక్కో రకంగా పేపరు దిద్దుతారు. ఇక దేన్ని దేనితో పోల్చాలి?

అందుకే ఒకే కోర్సును పలువురు అధ్యాపకులు చెప్పి, చివర అందరికీ ఒకే పరీక్ష పెట్టిన సందర్భాలను వెతికారు. పీటర్ కోహెన్ 1981లో అలాంటి అధ్యయనాలను కలిపి చూసి, రేటింగుకూ విద్యార్థుల మార్కులకూ సంబంధం 0.43 దాకా ఉందని లెక్కగట్టారు. ఈ కొలతలో సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే పూర్తిగా ఉందని అర్థం కాబట్టి, 0.43 తీసిపారేయదగినది కాదు. చాలా ఏళ్లపాటు విశ్వవిద్యాలయాలు ఆ అంకెను చూపించే తమ ఫారాలను సమర్థించుకున్నాయి. 2017లో బాబ్ ఉటిల్, ఆయన సహచరులు పాత అధ్యయనాలనూ కొత్తవాటినీ కలిపి మళ్లీ లెక్కవేశారు. పెద్ద పెద్ద సంబంధాలు చూపినవి ఎక్కువగా నాలుగైదు సెక్షన్లతో చేసిన చిన్న అధ్యయనాలని, సెక్షన్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ సంబంధం కరిగిపోతోందని తేలింది. చిన్న నమూనాల్లో కాకతాళీయంగా పెద్ద అంకెలు రావడం, వచ్చినవే అచ్చుకావడం గణాంక శాస్త్రంలో పాత జబ్బు.

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది అమెరికా వైమానిక దళ అకాడమీలో జరిగిన అధ్యయనం. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ 2010లో దాన్ని ప్రచురించారు. ఆ అకాడమీ పరిశోధకులకు వరం లాంటి చోటు. అక్కడ విద్యార్థికి సెక్షన్ ఎంచుకునే వీలుండదు. మొదటి కాలిక్యులస్ కోర్సు అందరూ చదవాల్సిందే, ఎవరు ఏ అధ్యాపకుడి దగ్గర పడతారో లాటరీ పద్ధతిలో తేలుతుంది. సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే. పైగా దాని మీద ఆధారపడిన తర్వాతి గణిత, ఇంజినీరింగ్ కోర్సులు కూడా తప్పనిసరి. పదివేల మందికి పైగా విద్యార్థుల లెక్కలు చేతిలో ఉన్నాయి. అంటే మొదటి కోర్సులో ఏమైందన్నదే కాదు, ఆ పునాది మీద ఆ తర్వాత ఏం నిలబడిందో కూడా చూడవచ్చు.

చూస్తే తేలింది ఇది. కొందరు అధ్యాపకుల దగ్గర పిల్లలకు కాలిక్యులస్ పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. ఆ పిల్లలు ఆ అధ్యాపకులకు మంచి రేటింగు ఇచ్చారు. కానీ తర్వాతి కోర్సులకు వెళ్లేసరికి ఆ పిల్లలే వెనకబడ్డారు. ఇంకొందరి దగ్గర మొదటి పరీక్షలో మార్కులు కాస్త తగ్గాయి, రేటింగు కూడా తగ్గింది, తర్వాతి కోర్సుల్లో మాత్రం పిల్లలు ముందుకు వెళ్లారు. మొదటి రకంలో అనుభవం తక్కువున్నవారు, రెండో రకంలో డాక్టరేట్, ఎక్కువ అనుభవం ఉన్నవారు ఎక్కువగా కనిపించారు. తేడాలు బ్రహ్మాండమైనవేమీ కావు. అయినా అవి ఏ వైపు మొగ్గుతున్నాయన్నది ఇబ్బంది పెట్టే విషయమే. ఇటలీలోని బొకోనీ విశ్వవిద్యాలయంలో ఇలాగే చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా అదే వైపు చూపింది. పైగా అక్కడ ఫారాలు నింపిన రోజు వాతావరణం కూడా రేటింగును కదిలించింది. వానాకాలంలో సెమిస్టరు ముగించే అధ్యాపకులు దీన్ని గుర్తుపెట్టుకోవచ్చు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుగు విద్యార్థికి వేరే చెప్పనక్కర్లేదు. యూనిట్‌కు నాలుగు ఇంపార్టెంట్ ప్రశ్నలు చెప్పి, వాటికి జవాబులు డిక్టేట్ చేసి, మిడ్‌కు ముందు రోజు మరోసారి గుర్తుచేసే అధ్యాపకుడు ఆ సెమిస్టరులో దేవుడు. సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి నుంచీ తవ్వి, పుస్తకంలో లేని లెక్క ఇచ్చి, మీరే చేయండి అని కూర్చునే ఆయన మీద ఫిర్యాదులు వెళతాయి. ఏడాది తిరిగాక గేట్ పరీక్షకు కూర్చున్నప్పుడో, ఉద్యోగం ఇంటర్వ్యూలో బోర్డు ముందు నిలబడినప్పుడో ఆ రెండో ఆయన గుర్తుకొస్తారు. అప్పటికి ఫీడ్‌బ్యాక్ పోర్టల్ మూసేసి ఉంటుంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం తరగతుల్లో చేసిన ప్రయోగం దీనికి ఇంకో కోణం చూపింది. ఫలితాలు 2019లో వచ్చాయి. ఒకే పాఠాన్ని ఒక జట్టుకు చక్కటి ఉపన్యాసంగా చెప్పారు. ఇంకో జట్టుకు అదే పాఠంలోని లెక్కలు ఇచ్చి, ముందు వాళ్లచేత కుస్తీ పట్టించి, తర్వాత వివరించారు. అధ్యాపకులు అనుభవజ్ఞులు, చేతికిచ్చిన కాగితాలు కూడా రెండు జట్లకూ ఒకటే. పాఠం తర్వాత పెట్టిన పరీక్షలో కుస్తీ పట్టినవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి. కానీ 'ఎంత నేర్చుకున్నామనిపిస్తోంది?' అంటే, ఉపన్యాసం విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామన్నారు. సాఫీగా సాగిన మాట వింటున్నప్పుడు అంతా అర్థమైనట్లే ఉంటుంది. తడబడుతూ చేస్తున్నప్పుడు ఏమీ రానట్లు ఉంటుంది. కాబట్టి విద్యార్థి అబద్ధం చెప్పడం లేదు. తనకు అనిపించింది నిజాయితీగానే చెబుతున్నాడు. అతనికి అనిపించేదే నమ్మదగిన కొలత కాదు.

గొంతు, ముఖం, పేరు

1970లో అమెరికాలో కొందరు పరిశోధకులు మైకేల్ ఫాక్స్ అనే నటుడికి డాక్టర్ మైరన్ ఫాక్స్ అని పేరు పెట్టి, వైద్య విద్యలో గణిత క్రీడా సిద్ధాంతం (గేమ్ థియరీ) ఉపయోగాల మీద మాట్లాడించారు. ఆయనకు ఆ విషయంలో ఓనమాలు కూడా రావు. పొంతనలేని మాటలు, కొత్తగా పుట్టించిన పదాలు, అక్కడక్కడ ఓ జోకు, అన్నిటికీ మించి గొప్ప ఆత్మవిశ్వాసం. విన్నవాళ్లు మానసిక వైద్యులు, మనస్తత్వ నిపుణులు, విద్యావేత్తలు. ఎక్కువ మంది ఉపన్యాసం బాగుందనే రాశారు. 1973లో ఈ ప్రయోగం అచ్చయ్యాక 'డాక్టర్ ఫాక్స్ ప్రభావం' అన్న పేరు స్థిరపడింది. ఇది ఒక్క ఉపన్యాసం మాత్రమే, సెమిస్టరు కాదు. మూడు నెలలపాటు రోజూ వింటే పిల్లలు పట్టేస్తారనే నేను అనుకుంటాను. అయినా 1993లో నలినీ అంబాడీ, రాబర్ట్ రోసెంతాల్ చేసిన పని చదివితే ఆ ధీమా కొంత సడలుతుంది. అధ్యాపకుల వీడియోలోంచి పది సెకన్ల తునకలు మూడు తీసి, శబ్దం తీసేసి, వాళ్లెవరో తెలియనివారికి చూపి మార్కులు వేయమన్నారు. ఆ మార్కులు, సెమిస్టరు చివర అసలు విద్యార్థులు ఇచ్చిన రేటింగులకు చాలావరకు సరిపోలాయి. చేతుల కదలిక, ముఖంలో ఉత్సాహం, నిలబడిన తీరు అరనిమిషంలోనే చాలా తేల్చేశాయి. జర్మనీలోని మున్‌స్టర్‌లో వైద్య విద్యార్థులకు తరగతిలో చాక్లెట్ బిస్కెట్లు పంచిపెడితే బోధనకే కాదు, పాఠ్య సామగ్రికి కూడా మార్కులు పెరిగాయని 2018లో రాశారు. దాని మీద వ్యాఖ్య అక్కర్లేదు.

నవ్వుకుని వదిలేయలేనిది స్త్రీ పురుష భేదం. అమెరికాలోని ఉత్తర కరోలినాలో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు సహాయక అధ్యాపకులు, ఒక పురుషుడు, ఒక స్త్రీ, కొన్ని జట్లకు తమ పేరుతో, కొన్ని జట్లకు ఎదుటివారి పేరుతో పాఠం చెప్పారు. విద్యార్థులకు ముఖాలు కనిపించవు. అసైన్‌మెంట్లు అందరికీ ఒకే సమయానికి దిద్ది ఇచ్చారు. 'సకాలంలో దిద్ది ఇచ్చారా?' అన్న ప్రశ్నకు పురుషుడి పేరున్న చోట సగటున 4.35, స్త్రీ పేరున్న చోట 3.55 వచ్చాయి. పాల్గొన్నది 43 మందే కాబట్టి ఈ ఒక్క అధ్యయనం మీద మేడ కట్టకూడదు. అయితే నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో దాదాపు ఇరవై వేల ఫారాలతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఇదే ధోరణి చూపింది. అక్కడ కూడా విద్యార్థులను సెక్షన్లలో లాటరీ పద్ధతిలోనే వేస్తారు. మార్కుల్లో తేడా లేదు, ఇంట్లో చదివిన గంటల్లో తేడా లేదు, రేటింగుల్లో మాత్రం మహిళలు వెనకబడ్డారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన మహిళలకు, గణితం ఎక్కువగా ఉండే కోర్సులకు దెబ్బ మరింత గట్టిగా తగిలింది. అందరికీ ఇచ్చిన పాఠ్యపుస్తకం ఒకటే అయినా, మేడమ్ సెక్షన్‌లో ఆ పుస్తకానికి కూడా మార్కులు తగ్గాయి!

తెలుగునాట ఈ పాత్రను ఇంగ్లిషు కూడా పోషిస్తుంది. గడగడా ఇంగ్లిషు మాట్లాడే అధ్యాపకుడికి విషయ పరిజ్ఞానం ఉన్నట్లే అనిపిస్తుంది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివి బీటెక్‌లోకో ఎమ్మెస్సీలోకో వచ్చిన విద్యార్థి, తనకు అర్థం కాకపోతే లోపం తనదేనని నమ్మి 5 వేస్తాడు. బోర్డు మీద ఇంగ్లిషులో రాసి, నోటితో తెలుగులో విడమరిచే అధ్యాపకుడిని అదే విద్యార్థి మనసులో ఎంతో ఇష్టపడతాడు. కానీ ఫారంలో 'భావ వ్యక్తీకరణ నైపుణ్యం' అన్న గడి దగ్గర ఆగి, సార్ ఇంగ్లిషులో చెప్పరు కదా అని ఒక అంకె తగ్గిస్తాడు. ప్రశ్న ఒకదాన్ని అడిగితే జవాబు ఇంకోదానికి వస్తోంది.

మరి విద్యార్థి మాటకు విలువ లేదా?

ఇంతవరకూ చదివిన అధ్యాపక మిత్రులెవరైనా తృప్తిగా నవ్వుకుంటూ ఉంటే, ఇక్కడ ఆగాలి. విద్యార్థుల అభిప్రాయాలు గాలివాటం కావని కూడా పరిశోధన గట్టిగానే చెబుతోంది. హెర్బర్ట్ మార్ష్ 1982లో తొమ్మిది అంశాలుగా విడదీసి తయారుచేసిన ప్రశ్నావళి విషయంలో తేలింది ఏమిటంటే, తరగతిలో పాతిక మందికి పైగా నింపితే సగటు చాలా నిలకడగా ఉంటుంది. ఒకే అధ్యాపకుడికి ఏటేటా వచ్చే రేటింగులు దగ్గరదగ్గరగానే ఉంటాయి. వాళ్లు దేన్నో స్థిరంగా చూస్తున్నారు, స్థిరంగా చెబుతున్నారు. అది 'చదువు ఎంత అబ్బింది' అన్నది కాకపోవచ్చు, అంతే తేడా.

పాఠం మొదలవ్వాల్సిన సమయానికి మొదలవుతోందా? సందేహం అడిగితే జవాబు వస్తుందా, వెటకారం వస్తుందా? మిడ్ పేపరు దిద్ది చేతికిచ్చి చూపించారా? రికార్డు మీద సంతకానికి ఎన్ని రోజులు తిప్పించుకున్నారు? వెనక బెంచీకి బోర్డు కనిపిస్తుందా? వీటికి విద్యార్థిని మించిన సాక్షి లేడు. డీన్‌కు తెలియదు, తనిఖీకి వచ్చిన ప్రొఫెసర్‌కు అసలే తెలియదు, ఎందుకంటే తనిఖీ రోజున అన్నీ సవ్యంగానే ఉంటాయి.

కెనడాలోని రైర్సన్ విశ్వవిద్యాలయంలో, అంటే ఇప్పటి టొరంటో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో, ఈ వివాదం మధ్యవర్తి దాకా వెళ్లింది. 2018లో విలియం కప్లాన్ ఇచ్చిన తీర్పు సరిగ్గా ఈ గీతనే గీసింది. పదోన్నతికి, ఉద్యోగ స్థిరీకరణకు బోధన ఎంత ఫలవంతమైనదో కొలవడానికి విద్యార్థుల రేటింగులు వాడకూడదన్నారు. విద్యార్థుల అనుభవం ఎలా ఉందో తెలుసుకోవడానికి మాత్రం అవి పనికొస్తాయన్నారు. బోధనను కొలవాలంటే అధ్యాపకుడి పాఠ ప్రణాళికలు, ప్రశ్నపత్రాలు, దిద్దిన పని ఉన్న ఫైలు చూడాలి, సహ అధ్యాపకులు వెళ్లి తరగతిలో కూర్చోవాలి. ఖర్చుతో, శ్రమతో కూడిన పని అది. ఫారం చౌక. ఫారం ఇంతగా వ్యాపించడానికి అదే కారణమని నా అనుమానం.

చౌకతనం సగటు తీయడంలోనూ కనిపిస్తుంది. పది మంది ఉన్న తరగతిలో ఐదుగురు 5, ఐదుగురు 1 వేస్తే సగటు 3. పది మందీ 3 వేసినా సగటు 3. మొదటి తరగతిలో సగం మంది పాఠం అందుకుంటున్నారు, సగం మంది పూర్తిగా మునిగిపోయారు. బహుశా ముందు వరుసలకే పాఠం నడుస్తోంది. రెండో తరగతిలో అందరికీ ఓ మాదిరిగా అర్థమవుతోంది. రెండిటికీ చేయాల్సిన చికిత్సలు వేరు, సగటు మాత్రం రెండిటినీ ఒకటిగా చూపిస్తుంది. అందరికీ 4 పైనే వచ్చే కళాశాలలో 4.1 వచ్చిన అధ్యాపకుడికి మెమో వస్తుంది, 4.3 వచ్చినాయనకు అభినందన పత్రం వస్తుంది. అరవై మందిలో పదిహేను మందే మనసుపెట్టి నింపిన ఫారంలో ఆ 0.2 తేడాకు అర్థమేమిటో చెప్పగలిగిన గణాంక నిపుణుడిని నేనింకా చూడలేదు.

మన దగ్గర జరిగేది

కాగితం మీద మన విధానాలు ఆలస్యంగా మేల్కొన్నవేమీ కావు. 1986 జాతీయ విద్యా విధానంలోనే అధ్యాపకుల మదింపు బహిరంగంగా, అందరి భాగస్వామ్యంతో, సమాచారం ఆధారంగా జరగాలని రాశారు. 2020 విధానం పదోన్నతికి, జీతాల పెంపునకు చూడాల్సిన అంశాల్లో సహ అధ్యాపకుల, విద్యార్థుల సమీక్షలను చేర్చింది. ఈ రెండిటి మధ్య వచ్చిన నిబంధనలు ఒకదానితో ఒకటి పొసగవు. విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2018 నిబంధనల్లో పదోన్నతుల పట్టిక చూడండి. బోధన అన్న గడిలో ఉన్నది, కేటాయించిన తరగతుల్లో ఎన్ని తీసుకున్నారన్న శాతం. 80 శాతం, ఆపైన అయితే బాగుంది. 70 నుంచి 80 లోపు అయితే సంతృప్తికరం. అంతకు తగ్గితే కాదు. తరగతికి వెళ్లి ఏం చెప్పారన్నది ఆ గడికి అక్కర్లేదు. ఇంజినీరింగ్ లాంటి సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2019 నిబంధనలు మరో దారి పట్టాయి. 100 పాయింట్ల మదింపులో 25 విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌కే ఇచ్చాయి. చరిత్ర చెప్పే ప్రొఫెసర్‌కు ఒక తూనిక, సివిల్ ఇంజినీరింగ్ చెప్పే ప్రొఫెసర్‌కు ఇంకో తూనిక.

నాక్ 2017లో సవరించిన విధానంలో విద్యార్థి సంతృప్తి సర్వే ప్రవేశపెట్టింది. ఇరవై ఎంపిక ప్రశ్నలు, చివర సూచనలు రాయడానికి ఒక ఖాళీ. అందులో కొన్ని చక్కటి ప్రశ్నలున్నాయి. సిలబస్ ఎంత శాతం పూర్తయింది? అసైన్‌మెంట్లలో మీ పనితీరు గురించి మీతో చర్చించారా? ఇవి జరిగినదాన్ని అడిగేవి. కానీ ఆ సర్వే 'అధ్యాపకులు' అని మొత్తం సంస్థనంతా ఒకే ముద్దగా అడుగుతుంది. ముప్పై మందిలో ఇద్దరు అద్భుతంగా, ఇద్దరు దారుణంగా చెబితే విద్యార్థి ఏ గడి నొక్కాలి? పైగా తన కళాశాలకు మంచి గ్రేడు వస్తే తన డిగ్రీ విలువ పెరుగుతుందని విద్యార్థికి తెలుసు. యాజమాన్యం చెప్పినా చెప్పకపోయినా, ఆ చెయ్యి 5 వైపే మొగ్గుతుంది.

భయం సంగతి దీనికన్నా పెద్దది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకు నూటికి 40 మార్కులు ఇంటర్నల్స్, అంటే కళాశాలలోనే వేసేవి. ల్యాబ్, ప్రాజెక్టు, సెమినార్ మార్కులు కూడా ఆ అధ్యాపకుల చేతుల్లోనే ఉంటాయి. పీహెచ్‌డీ విద్యార్థికైతే చెప్పనే అక్కర్లేదు, గైడు సంతకం లేనిదే థీసిస్ కదలదు. రోల్ నంబరుతో లాగిన్ అయి నింపే ఫారం పైన 'మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా నమ్మేదెవరు? పన్నెండు మంది ఉన్న ఎమ్మే తరగతిలో రాత శైలిని బట్టే ఎవరు రాశారో సారుకు తెలిసిపోతుంది.

ఇదే కాగితం ఎవరి చేతికి వెళుతుందన్న దాన్ని బట్టి దాని పదును మారుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్లతరబడి సరిగా లేక, తరగతుల భారం చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద పడింది. శాశ్వత ప్రొఫెసర్‌కు ఫీడ్‌బ్యాక్ ఎంత చెడ్డగా వచ్చినా, సెమిస్టరులో సగం రోజులు ఆయన కుర్చీ ఖాళీగా ఉన్నా, సాధారణంగా ఏమీ కాదు. పక్క గదిలో ఏటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకురాలికి, ప్రైవేటు కళాశాలలో చేరి రెండేళ్లయిన లెక్చరర్‌కు ఆ అంకె ఉద్యోగమే. అందుకని వాళ్లు జాగ్రత్తపడతారు. అసైన్‌మెంట్ గడువు పొడిగిస్తారు, ఇంటర్నల్స్‌లో చెయ్యి ధారాళంగా విదిలిస్తారు, కష్టమైన యూనిట్‌ను వీడియో లింకుతో సరిపెడతారు. వాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ జవాబుదారీ కావాల్సినవాళ్లను తాకకుండా, ఇప్పటికే వణుకుతున్నవాళ్ల మీద మాత్రమే పడే కొలత ఏదైనా ఇలాంటి ఫలితమే ఇస్తుంది.

అంకెల కింద రాసే వ్యాఖ్యల సంగతి మరోటి. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసి, తిట్లూ పొగడ్తలూ కలగలిపి పిల్లలు అక్కడ అసలు విషయం చెబుతారు. మూడో యూనిట్ నుంచి సార్ స్పీడు పెంచేశారు. ల్యాబ్‌లో ఆరు కంప్యూటర్లే పనిచేస్తున్నాయి. మేడమ్ సందేహం అడిగితే కోప్పడరు, కానీ సమయం ఉండదు. సగటులో ఒక్కటి కూడా కనిపించదు. సాఫ్ట్‌వేర్ గ్రాఫులు గీసిస్తుంది కాబట్టి సమీక్ష సమావేశంలో గ్రాఫులు చూస్తారు. వ్యాఖ్యలు ఎక్సెల్ ఫైలులో చివరి నిలువు వరుసలో ఉండిపోతాయి.

కొన్ని మార్పులకు డబ్బు అక్కర్లేదు. 'అధ్యాపకుడి విషయ పరిజ్ఞానం' అన్న ప్రశ్నను విద్యార్థి ఫారంలోంచి తీసేయవచ్చు. దాన్ని తేల్చగలిగితే అతను విద్యార్థి ఎందుకవుతాడు? దాని స్థానంలో 'గత నెలలో ఎన్ని తరగతులు రద్దయ్యాయి, దిద్దిన పేపరు ఎన్ని రోజులకు చేతికొచ్చింది' అని అడగవచ్చు. ఐదు గడుల సగటు బదులు ఎవరెవరు ఏ గడి నొక్కారో విడివిడిగా చూపవచ్చు. మొదటి ఏడాది గణితం చెప్పిన అధ్యాపకుడి గురించి, రెండో ఏడాది అదే పిల్లలకు సిగ్నల్స్ చెబుతున్న అధ్యాపకుడిని కూడా అడగవచ్చు. పునాది ఎలా పడిందో ఆయనకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

వీటన్నిటికన్నా సమయం ముఖ్యం. సెమిస్టరు ముగిశాక ఇచ్చే సలహా వల్ల దాన్ని ఇచ్చినవాడికి ఏ లాభమూ లేదు. వచ్చే బ్యాచ్ కోసం ఎవరు మనసుపెట్టి రాస్తారు? వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1970ల చివర జోసెఫ్ క్లార్క్ రూపొందించిన పద్ధతి ఒకటుంది. సెమిస్టరు మధ్యలో ఒక రోజు అధ్యాపకుడు తన పీరియడ్‌లో చివరి అరగంట వదిలేసి బయటికి వెళతాడు. ఆ కోర్సుతో, ఆ మార్కులతో సంబంధం లేని మరో విభాగపు మనిషి లోపలికి వచ్చి, పిల్లలను చిన్న చిన్న జట్లుగా కూర్చోబెడతాడు. ఈ తరగతిలో మీరు నేర్చుకోవడానికి ఏది తోడ్పడుతోంది, ఏది అడ్డుపడుతోంది, దాన్ని ఎలా మార్చవచ్చు అని అడుగుతాడు. ఒక్కరి కోపం ఒక్కరిదిగా మిగలకుండా, జట్టులో చర్చించి ఒప్పుకున్నవే బోర్డు మీదికి వస్తాయి. చేతిరాత దొరకదు, లాగిన్ ఉండదు. తర్వాత ఆయన అధ్యాపకుడితో విడిగా కూర్చుని చెబుతాడు. మరుసటి తరగతిలో అధ్యాపకుడు పిల్లలకు తిరిగి చెప్పాలి: ఇది మారుస్తాను, ఇది మార్చలేను, ఎందుకంటే ఇది. మన సెమిస్టరులో దీనికి సరైన చోటు మొదటి మిడ్‌కు ముందు వారం. ఆ నివేదిక ఆ అధ్యాపకుడికి తప్ప హెచ్‌వోడీకి గానీ యాజమాన్యానికి గానీ వెళ్లదు.